చేదు అనకూడదు

జాంజిబార్,
7 ఫిబ్రవరి 1988

సోమోయే అక్కకు,

నీకూ బావకూ ఇంటిల్లిపాదికీ నా సలాములు. క్షేమంగా చేరాను. ఓడలో సగం మంది వాంతులు చేసుకుంటూ పడుకున్నారు. నేను మాత్రం నువ్వు మూటగట్టి ఇచ్చిన వేయించిన జీడిపప్పు తింటూ కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన నన్ను చూసి, "కడుపా అమ్మా అది, ఇనప్పెట్టెనా?" అన్నాడు. అది మా అక్క పెంచిన కడుపు అని చెప్పాను.

మా పాఠశాల మసీదు వెనక మేడలో ఉంది. చదువుకునేవాళ్లం అందరం తల్లులమే. చెప్పే పంతులమ్మ ఉస్తాజా జువేరియా అని, గొంతు చిన్నదే గానీ మాట పెద్దది. పిల్లలకు ఇంట్లో తిండి శుభ్రత ఎలా నేర్పాలన్నదే ఈ నెలంతా పాఠం. అన్నం ముందు చెయ్యి కడగడం ఒంటికి మంచిదే కాదు, అదీ ఆరాధనే అంటుంది. రాత్రి గిన్నెల మీద మూత పెట్టమని, మూత దొరక్కపోతే కనీసం ఒక పుల్లయినా అడ్డం పెట్టమని ప్రవక్త చెప్పారు కదా. ఈగలూ ఎలుకలూ తెచ్చే రోగాల గురించి తెల్లవాళ్ల పుస్తకాల్లో రాయకముందే మనకు చెప్పారు చూడండి అని ఆవిడ అంటే నాకు ఒళ్లు పులకరించింది. మనం ఆ పుల్ల పెట్టడం ఏదో ఆచారం అనుకున్నాం అక్కా, దాని వెనక ఇంత ఉందని ఎవరు చెప్పారు?

పిల్లల నాన్న పోయాక నేను ఎందుకూ పనికిరానిదాన్ని అయిపోయాననుకున్నాను. ఈ చదువు పూర్తయితే మన మదర్సాలో తల్లులకు పాఠాలు చెప్పేదాన్ని నేనే. అప్పటిదాకా జైతూనినీ కిబిబినీ నీ ఒళ్లో పెట్టాను. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. అక్కడ వాళ్లకు ఇవన్నీ అలవాటు చెయ్యి. చేతులు కడగాలి, బిస్మిల్లా అనాలి, కుడిచేత్తో తమ ముందున్నదే తినాలి, పెట్టినదానికి వంకలు పెట్టకూడదు. ముఖ్యంగా ఆ చివరిది. పరాయి పంచన ఉన్నప్పుడు పిల్లలు తిండి దగ్గరే తల్లి పరువు తీస్తారు. నీ ఇల్లు పరాయిది కాదనుకో, అయినా.

వానలు పడ్డాయా? రాయి.

నీ చెల్లి
ఎషా


నమిలాంబా,
28 ఫిబ్రవరి

పట్నం పోయిన చెల్లికి, పల్లెలో మిగిలిన అక్క సలాము.

నీ ఉత్తరం మీ బావ పైకి చదివితే ఇంటి ముందు జనం చేరారు. గిన్నె మీద మూత పెట్టమని నాకు చెబుతున్నావన్నమాట! నీ ముక్కు తుడిచిన చెయ్యి నాదే తల్లీ. తుడిచాక ఆ చెయ్యి కడుక్కుని నీకు ముద్ద పెట్టానో లేదో నాకు గుర్తు లేదు. నువ్వైతే బతికే ఉన్నావు, జాంజిబార్ దాకా వెళ్లావు.

వేళాకోళానికి అన్నాను, మొహం ముడుచుకోకు. నీ పాఠాలు పిల్లలకు చెబుతూనే ఉన్నాను. జైతూని అయితే మరీను, చేతులు కడగమంటే కుండ ఖాళీ చేస్తుంది. నీళ్లు ఎక్కడివే అని అరిస్తే, "అమ్మ రాసిందిగా పెద్దమ్మా" అంటుంది. అసలు కష్టం అక్కడే ఉంది. వానలు పడలేదు. మొక్కజొన్న మోకాలెత్తు రాకుండానే మాడిపోయింది. ఇంటి వెనక తీపి కర్రపెండలాన్ని అడవిపందులు తవ్వుకుపోయాయి. ఏరవతల చేలో ఉన్న చేదు పెండలం ఒక్కటే మిగిలింది. పందులు దాన్ని మూతితో ఎత్తి, వాసన చూసి వదిలేసి పోతాయి. మన తాతలు అది వేసింది కూడా అందుకే కదా.

అమ్మ ఆ దుంపను నీటిగుంటలో నానేసి, అది మెత్తబడి కంపు కొట్టేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు, గుర్తుందా? ఇప్పుడు గుంటే ఎండిపోయింది. తాగడానికే నీళ్లు దూరంనుంచి మోసుకొస్తున్నాం. అంచేత ఊరంతా చిన్యాన్యా చేసుకుంటోంది. పచ్చి దుంప తొక్క తీసి దంచడం, ఎండలో ఆరబోయడం, మళ్లీ దంచడం, జల్లించడం. పొద్దున తవ్వినది సాయంత్రానికి ఉగాలి ముద్దయి పళ్లెంలో ఉంటుంది. ఆకలి వేసేవాడు నానేదాకా ఆగుతాడా?

ఇక నీ కూతురి సంగతి విను. మొన్న మీ బావ అన్నగారు భోజనానికి వచ్చారు. అందరం పళ్లెం చుట్టూ కూర్చున్నాం. జైతూని చక్కగా బిస్మిల్లా అంది, ముద్ద నోట్లో పెట్టుకుంది, "పెద్దమ్మా, ఇది చేదుగా ఉంది" అంది. నా తల కొట్టేసినట్టయింది. నోర్మూసుకుని తినవే అన్నాను. అప్పుడు ఏమడిగిందో తెలుసా? "పందులు కూడా దీన్ని తినవుగా, మరి మనమెందుకు తింటాం?" అన్నం పళ్లెం దగ్గర పందుల పేరు! పెద్దాయన చెయ్యి కడుక్కుని లేచిపోయారు. మీ బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పట్నం చదువు నువ్వు చదువుతున్నావు, గీర మాత్రం నీ కూతురికి వచ్చింది. నువ్వే ఏదో ఒకటి రాయి దానికి. నా మాట వినడంలేదు.

ఇంకొకటి. వీలైతే ఎండుచేపలు కొంచెం పంపు. ఇక్కడికి చేపలవాడు రావడం మానేశాడు. ఒట్టి ముద్ద, ఆకుకూర, అంతే.

సోమోయే


జాంజిబార్,
20 మార్చి

అక్కా,

నీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. బావకు నా తరఫున క్షమాపణ చెప్పు, ఆయన అన్నగారికి కూడా చెప్పమను. ఇక్కడ నేను పదిమంది తల్లులకు మంచీ మర్యాదా నేర్పడానికి తయారవుతుంటే, అక్కడ నా కూతురు నీ పళ్లెం ముందు పందుల ముచ్చట్లు చెబుతోంది. అది వాళ్ల నాన్న పోలిక, నోట్లో మాట దాగదు.

దానికోసం కింద విడిగా రాశాను. కూర్చోబెట్టి అందరిముందూ చదివించు.

"జైతూనీ, అమ్మ రాస్తోంది. నువ్వు పెద్దమ్మ పెట్టిన అన్నాన్ని చేదు అన్నావని విన్నాను. మన ప్రవక్త జీవితంలో ఒక్కసారి కూడా పెట్టిన అన్నానికి వంక పెట్టలేదు. అంతటి ఆయనే అననిమాట నువ్వు అన్నావు. ఇంకెప్పుడూ తిండి దగ్గర ఆ మాట అనకు. పళ్లెం ఖాళీ చేసే పిల్లను అల్లా మెచ్చుకుంటాడు. చెల్లికి కూడా నువ్వే నేర్పాలి, నువ్వు పెద్దదానివి. అమ్మ వచ్చేసరికి నీమీద ఒక్క చాడీ కూడా వినపడకూడదు."

నువ్వు కూడా కొంచెం గట్టిగా ఉండు అక్కా. తినకపోతే వేరే ఏదీ పెట్టకు. ఆకలేస్తే అదే తింటుంది. నువ్వు మెత్తనిదానివి, బుజ్జగిస్తావు, నాకు తెలుసు.

ఎండుచేపల గురించి ఉస్తాజాను అడిగాను. బజారులో ఆరబోసే చేపలమీద ఈగలు మూగి ఉంటాయి, దారిలో ఇంకా పాడవుతాయి, పిల్లలకు పెట్టకపోవడమే మంచిది అంది. అందుకని వాటి బదులు సబ్బులు పంపుతున్నాను. సబ్బులతోపాటు అల్యూమినియం మూతలున్నాయి, నీ కుండల కొలత గుర్తుతెచ్చుకుని ఏరి కొన్నాను. చెయ్యి కడుక్కునేటప్పుడు గోళ్ల సందుల్లో కూడా రుద్దాలి. నువ్వు కూడా రుద్దు.

ఇక్కడ తోటి విద్యార్థులు నన్ను "దక్షిణాది అమ్మాయి" అంటారు. ఉగాలి వండితే నవ్వుతారు, వీళ్లకు కొబ్బరిపాల అన్నం లేనిదే పొద్దు గడవదు.

ఎషా


నమిలాంబా,
10 ఏప్రిల్

ఉస్తాజా ఎషాగారికి,

మీరు దయతో పంపిన సబ్బులు అందాయి. మా ఊరి మురికంతా వదిలిపోయింది. గోళ్ల సందులు ఎలా రుద్దుకోవాలో ఇన్నేళ్లకు తెలిసింది. చేపలకోసం అడిగిన నోటిని కూడా ఆ సబ్బుతోనే కడుక్కున్నాను.

ఇంక ఇంతటితో వదిలేస్తాను. కానీ నిజంగా మనసు నొచ్చుకుంది ఎషా. నా వంటిల్లు అంత కంపుగా కనబడిందా నీకు? మూతలు మాత్రం సరిగ్గా సరిపోయాయి. ఆ సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

నీ ఉత్తరం జైతూనికి చదివి వినిపించాం. తల వంచుకుని వింది. అయిపోయాక గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. ఆ రోజునుంచి ఒక్క మాట లేదు. ముద్ద కలుపుతుంది, బిస్మిల్లా అంటుంది, మింగుతుంది, నీళ్లు తాగుతుంది. కిబిబి మొరాయిస్తే దాని వాటా కూడా తనే తినేస్తోంది, చెల్లికి తిట్లు పడకుండా. మీ బావ మెచ్చుకుని భుజం తట్టాడు. నీ మాటలో ఏం మంత్రం ఉందోగానీ పిల్ల పూర్తిగా మారిపోయింది. ఒక్కోసారి ఆ పాత వాగుడుకాయే నయం అనిపిస్తుంది నాకు.

ఒక సంగతి అడగాలి. ఈమధ్య తిన్న కాసేపటికి మాకు తలతిరుగుతోంది. కడుపులో వికారం, కాళ్లు తేలిపోతున్నట్టు ఉంటుంది. ఊరంతా అంతే. మగవాళ్లు నవ్వుకుంటున్నారు, "మా ఇంట్లో కల్లు లేకుండానే మత్తు" అని. పెండలం మత్తు అని పేరు కూడా పెట్టారు. ఒక్కోరోజు పిల్లలు వాంతి చేసుకుంటారు, తర్వాత సర్దుకుంటారు. నానేసి చేసినప్పుడు ఇలా ఉండేది కాదు. నేను అమ్మను తలుచుకుని అప్పుడప్పుడు భయపడతాను. మీ ఉస్తాజా తిండి గురించి అన్నీ తెలిసినావిడ కదా, పెండలం గురించి ఒకసారి అడిగి రాయి. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

రంజాన్ వస్తోంది. ఇఫ్తార్‌కు ఖర్జూరం చూసి ఎన్నాళ్లయిందో.

సోమోయే


జాంజిబార్,
24 ఏప్రిల్

నామీద అలిగిన అక్కకు, ఈ ఉపవాసాల నెలలో అలక మహాపాపమని గుర్తుచేస్తూ,

తప్పయింది. సబ్బు ప్రేమతోనే పంపాను. నీ వంటింట్లో పెరిగినదాన్ని, దాన్ని నేను చిన్నచూపు చూస్తానా? ఇక్కడ రోజూ అదే మాట వింటుంటే పెన్ను పట్టుకోగానే అదే వస్తోంది. ఇక ఈ ఉత్తరంలో నీకు ఒక్క పాఠం కూడా చెప్పను.

పెండలం గురించి అడిగాను. తరగతిలోనే, అందరిముందూ లేచి అడిగాను. ఉస్తాజా పకపకా నవ్వింది. "పెండలం ఏం చేస్తుందమ్మా, మా పిల్లలు బడినుంచి వచ్చి పచ్చిదే కొరుక్కుతింటారు" అంది. మర్నాడు ఇఫ్తార్ అయ్యాక ఒక దుంప తెచ్చి, మా ముందే తొక్క తీసి, పచ్చిదే తిని చూపించింది. మాక్కూడా తలో ముక్క పెట్టింది. కొబ్బరిలా తియ్యగా ఉంది. కాబట్టి ఆ భయం వదిలెయ్యి. తలతిరగడం, వాంతులు ఒంట్లో నీరసం వల్లే వచ్చి ఉంటాయంది. నీళ్లు తక్కువ కాబట్టి చేతులు సరిగ్గా కడగడంలేదేమో అని కూడా అంది. అది ఆవిడ మాట, నాది కాదు, మళ్లీ కోప్పడకు.

జైతూని గురించి రాసింది చదివి కళ్లనీళ్లు తిరిగాయి. చెల్లి వాటా కూడా తింటోందా? దాన్ని తరగతిలో ఉదాహరణగా చెప్పాను అక్కా. ఒక్క ఉత్తరంతో పిల్లలో ఎంత మార్పు తేవచ్చో చూడండి అని ఉస్తాజా అందరికీ చెప్పింది. నేను ఎంత పొంగిపోయానో!

అది ఈ ఏడు ఉపవాసాలు ఉంటానంటుందేమో. అంటే వద్దనకు, ఉన్నన్ని ఉండనీ. కాకపోతే తెల్లవారుజామున సహరీలో కడుపు నిండా పెట్టు. నీరసపడకుండా రోజూ ఇచ్చేదానికంటే ఇంకో ముద్ద ఎక్కువే పెట్టు. ముద్ద గట్టిగా ఉంటే పగలంతా ఆకలి తెలియదు.

పండగకు పిల్లలిద్దరికీ గౌన్లు కుడుతున్నాను. జైతూని ఎంత పొడుగయిందో జానతో కొలిచి రాయి.

ఎషా


నమిలాంబా,
14 మే

ఎషా,

కుశలప్రశ్నలు తర్వాత. జైతూనికి బాగోలేదు.

నువ్వు రాసినట్టే ఉపవాసాలు ఉంది. వద్దన్నా వినలేదు, అమ్మ సంతోషిస్తుంది అంది. సహరీకి నిండా పెట్టాను, ఇఫ్తార్‌కు మళ్లీ అదే ముద్ద. పగలు నాతోపాటు నీళ్లకు వచ్చేది. పోయిన వారం దారిలో కుండతో సహా పడిపోయింది. ఎండ అనుకున్నాను. నీళ్లు ఒలికినందుకు తిట్టాను కూడా. మర్నాడు పొద్దున లేవబోయింది, లేవలేకపోయింది. కాళ్లు రెండూ కర్రల్లా బిగుసుకుపోయాయి. పట్టుకుని నిలబెడితే వణుకుతాయి, మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి, మడమ నేలకు ఆనదు. జ్వరం లేదు, నొప్పి లేదు. కాళ్లమీద చెయ్యి వేస్తే తెలుస్తోంది అంటుంది. మాట స్పష్టంగా ఉంది, బుద్ధి శుభ్రంగా ఉంది, కాళ్లే దాని మాట వినడంలేదు.

మన ఇంట్లోనే కాదు. సయ్యీదు కోడలికి ఇలాగే అయింది, పాలిచ్చే తల్లి ఆమె. రేవుదారి ఇంట్లో కవలల్లో ఒకడికి వచ్చింది. బావి దగ్గర జిన్ను పట్టిందని కొందరు అంటున్నారు, పోలియో అని మీ బావ అంటున్నాడు. ఊరి ముఅల్లిం వచ్చి ఖురాన్ చదివి ఊదాడు. పట్నం ఆసుపత్రికి తీసుకెళదామంటే లారీ ఏదీ ఇటు రావడంలేదు. ఇప్పుడు ఊళ్లో ఎవరూ మత్తు అని నవ్వడంలేదు.

నేను దాని పక్కన కూర్చుని అడిగాను, "ఏమైందే, ఎక్కడుందే బాధ, చెప్పు తల్లీ" అని. "ఏం లేదు పెద్దమ్మా, బాగానే ఉంది" అంటుంది. అదొక్కటే మాట. నువ్వు వంకలు పెట్టొద్దని రాసినప్పటినుంచి అది దేనికీ బాగోలేదు అనడంలేదు ఎషా. ముందే కాళ్లు గుంజాయో లేదో, ఎన్నాళ్లనుంచి తడబడుతోందో మాకెవరికీ తెలియదు. అది మాత్రం చెప్పదు.

కిబిబి బాగుంది. అక్క పక్క వదలడంలేదు.

గౌను కొలత అడిగావు. నిలబడదు, ఎలా కొలవను?

సోమోయే


జాంజిబార్,
2 జూన్

అక్కా, ఈ ఉత్తరం ఎవరు విప్పితే వాళ్లు వెంటనే పైకి చదవండి, ఊరంతా వినేలా చదవండి.

ఆ పిండి పిల్లలకు పెట్టొద్దు. చిన్యాన్యా చేసిన ఆ పిండి ఎవరూ తినొద్దు. కిబిబికి ఒక్క ముద్ద కూడా పెట్టొద్దు. ఉన్న పిండి పారబోయండి, కోళ్లకు కూడా వెయ్యొద్దు.

నీ ఉత్తరం నిన్న అందింది. పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. ఇంతకుముందు దక్షిణాన, సరిహద్దు అవతల పనిచేసిన డాక్టరు ఒకాయన ఉన్నాడు. నేను సగం చదివేసరికే, "ముద్ద చేదుగా ఉండేదని ఎవరైనా అన్నారా?" అని అడిగాడు. అన్నారు, నా కూతురు అంది అని చెప్పాను.

చేదు పెండలంలో విషం ఉంటుంది అక్కా. వానలు లేని ఏడు అది ఇంకా ఎక్కువవుతుందట. రోజుల తరబడి నీళ్లలో నాని, మెత్తబడి, తర్వాత బాగా ఎండితేనే ఆ విషం పోతుంది. అమ్మ చేసింది అందుకే. పచ్చిది దంచి ఆ పూటే తింటే విషమంతా ఒంట్లోకే పోతుంది. ముందు తలతిరుగుతుంది, తర్వాత ఒక పొద్దున కాళ్లు పోతాయి. చేపగానీ పప్పుగానీ తోడుంటే ఒళ్లు కొంత తట్టుకుంటుందట. నువ్వు చేపలు అడిగావు. నేను సబ్బులు పంపాను.

ఉస్తాజా మా ముందు తిన్నది తీపి పెండలం. ఈ దీవిలో వాళ్లకు వేరే రకం తెలియదు. మా పుస్తకంలో ఈగ ఉంది, ఎలుక ఉంది, మూత ఉంది, మన ఊరి దుంప లేదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే ఉన్నాను ఆ తరగతిలో, నేనూ ఆ ముక్క తిని తల ఊపాను.

ఆవిడ దగ్గరికి వెళ్లి జైతూనికి నేను రాసిన మాట చెప్పాను. ఆవిడ నాచేత ఆ మాటలు మళ్లీ చెప్పించుకుంది. తర్వాత, "హదీసు మొత్తం రాయలేదా తల్లీ?" అంది. ప్రవక్త అన్నానికి ఎప్పుడూ వంక పెట్టలేదు, నచ్చితే తినేవారు, నచ్చకపోతే తినకుండా ఊరుకునేవారు. అంతా కలిపి ఒకటే మాట. అది నాకు చిన్నప్పటినుంచి వచ్చు. కోపంలో ముందు సగమే రాశాను. వదిలెయ్యొచ్చు అన్న సగం నా బిడ్డకు అందలేదు. నోరున్న పిల్ల, దాని నాలుక దాన్ని కాపాడబోయింది, నేను నోరు మూయించాను. ఈ తప్పు నాకు ఎవరు క్షమిస్తారు అక్కా?

దాని కాళ్లు మళ్లీ మామూలుగా అవ్వవని డాక్టరు చెప్పాడు. దాచకుండా చెప్పమంటే చెప్పాడు. ఆ పిండి మానేస్తే ఇంతకంటే చెడిపోదట, తింటే ఇంకా చెడుతుందట. ఇక మిగిలింది కిబిబి. దాన్ని కాపాడు. అది చేదు అంటే నమ్ము. ఏది చేదు అన్నా నమ్ము.

మన జిల్లా పట్నం పోస్టాఫీసుకు తంతి కొట్టాను, అక్కడినుంచి నమిలాంబా దాకా ఎవరు మోస్తారో అల్లాకే తెలియాలి. ఈ ఉత్తరం సరుకు పడవలో వెళుతున్న ఒకాయన చేతికి ఇస్తున్నాను. వచ్చే ఓడకు నేనే బయలుదేరుతున్నాను, బస్తాడు బియ్యం, ఎండుచేపలు తెస్తున్నాను. అప్పటిదాకా ఆకులుడికించి పెట్టినా సరే, అడుక్కుని పెట్టినా సరే, ఆ ముద్ద మాత్రం వద్దు.

ఎషా


నమిలాంబా,
5 జూన్

ఎషాకు, అక్క దీవెనలతో,

పోయిన ఉత్తరం భయంలో రాసి నిన్ను హడలగొట్టాను. నీ దగ్గరినుంచి జవాబు ఇంకా రాలేదు, ఏడుస్తూ కూర్చున్నావేమోనని ఇది రాస్తున్నాను. ఇప్పుడు కాస్త తెరిపిన పడ్డాం.

జైతూని లేచింది! మీ బావ జీడిచెట్టు కొమ్మ నరికి కర్ర చేసి ఇచ్చాడు. దాన్ని ఊతం చేసుకుని మునివేళ్లమీద, కాలికి కాలు అడ్డం పడుతూ వాకిలి దాకా వెళ్లి వస్తోంది. మొదటిరోజు గుమ్మం దాటగానే ఇంటిల్లిపాదీ అల్‌హమ్‌దులిల్లా అని అరిచాం. కాళ్లు కొంచెం వంకరగా ఉన్నాయి, ఒప్పుకుంటాను. బలం పడితే అవే సర్దుకుంటాయి. అందుకే తిండి తగ్గించలేదు. ఉన్నదాంట్లో పెద్ద ముద్ద పిల్లలిద్దరికే పెడుతున్నాను, నేనూ మీ బావా సగం పొట్టతో లేస్తున్నాం. నీ పిల్లలను పస్తు పెట్టానన్న మాట నాకు రాకూడదు.

ఏరవతల చేను ఇంకా సగం ఉంది. నిన్ననే ఇద్దరు ఆడవాళ్లను సాయం పిలిచి గంపల కొద్దీ దంచాం. నువ్వు వచ్చేదాకా పిండికి లోటు లేదు.

నీకు సంతోషం కలిగే ముచ్చట ఒకటి చెబుతాను. మొన్న సాయంత్రం కిబిబి ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. చేదు, నాకొద్దు అని పేచీ. నేను చెయ్యి ఎత్తాను. ఈలోగా జైతూని కర్ర పక్కన పెట్టి, కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "అలా అనకూడదే. అమ్మకు తెలిస్తే బాధపడుతుంది. కళ్లు మూసుకుని బిస్మిల్లా అను, నేను పెడతాను" అంది. చిన్నచిన్న ఉండలు చేసి ఒక్కొక్కటే నోట్లో పెట్టింది. ఆ చిన్నది కళ్లు గట్టిగా మూసుకుని అన్నీ మింగింది. పళ్లెం తుడిచినట్టు ఖాళీ. అప్పటినుంచి రోజూ అక్కే పెడుతోంది, ఇది మారుమాట్లాడకుండా తింటోంది. నువ్వు పక్కనుంటే పొంగిపోయేదానివి. మీ తరగతిలో ఇది కూడా చెప్పు.

దానికి అక్కంటే ఎంత పిచ్చి అయిపోయిందంటే, నిన్న పొద్దున్నించి అదీ మునివేళ్లమీదే నడుస్తోంది. మడమ నేలకు ఆనించవే అంటే ఆనడంలేదు పెద్దమ్మా అని వేషాలు. నేనూ మీ బావా నవ్వలేక చచ్చాం.

అప్పుడు నేనడిగిన ఎండుచేపలు వద్దులే, నువ్వు త్వరగా వస్తే చాలు.

మీ అక్క
సోమోయే